ఐదు కిలోల లోపు

మిర్యాలగూడ బైపాస్ కాడ
పదకొండేండ్ల సంది కాటా రూముల కూసున్న.
లోడు లారీ ఎక్కుతది, అంకె ఎర్రగ వెలుగుతది.
ఖాళీ లారీ ఎక్కుతది, ఇంకో అంకె.
ఒకదాంట్లకెల్లి ఒకటి తీసేస్తే వడ్లు.
నాలకెల్లి నన్ను తీసేస్తే ఏం మిగుల్తదో
ఏ స్లిప్పూ చెప్పలే.

బాధ అని కాదు.
బాధయితే మందో మాకో ఉంటుండె.
ఇది సీజను లేని నెలల మిల్లు లెక్క,
బెల్టు తిరగది, పొట్టు ఎగరది,
వాచ్‌మన్ మాత్రం గంటగంటకు విజిలూదుతనే ఉంటడు.
పెండ్లికి పోతె ఫొటోల నవ్విన.
చావుకు పోతె అరుగు మీద కూసున్న.
రెంటికీ అదే అంగీ.

ఒక రాత్రి కరెంటు పోయి వచ్చినంక
నేనే పోయి కాటా మీద నిలబడ్డ.
అరవై ఐదు.
జేబుల ఫోను తీసి అవతల పెట్టిన. అరవై ఐదే.
చెప్పులిడిసిన. అరవై ఐదే.
ఐదు కిలోల లోపు దేన్నీ పట్టించుకోదీ ఇనుము.
ఇన్నేండ్లు నా లోపలికొచ్చి పోయినయన్నీ
ఐదు కిలోల లోపువే గావొచ్చు.

తెల్లారి సైదమ్మ ఊడ్వొచ్చింది.
ప్లేటు సందుల ఇరుకున్న గింజల్ని
చీపురుపుల్లతోటి ఒక్కొక్కటే గెలుకుతాంది.
"గిన్ని గింజలకు గంత తిప్పలెందుకే?"
తలెత్తకుంటనే అన్నది:
"నీ కాటకు ఆనకపోతే గింజ గాదా సారూ?"
జవాబు చెప్పలే. లారీ వచ్చింది.

మంగళారం లీవు పెట్టి వాడపల్లి బస్సెక్కిన.
మూసీ కృష్ణల కలిసే కాడ మోకాళ్ల దాక దిగిన.
ఏం కాలే.
నీళ్లు చల్లగున్నయి, అంతే.
పాచి మీద జారి కూలబడితే
బట్టలు పిండుకుంట ఒక ముసలామె పక్కున నవ్వింది.
నాకూ వచ్చింది నవ్వు,
తుప్పు పట్టిన బోల్టు తిరిగినట్టు
కిర్రుమని, సగం.

తడి లాగుతోనే ఒడ్డున కూసోని
అక్కకు ఫోన్ చేసిన. నాలుగేండ్లయింది
రెండు గుంటల భూమి కాడ మాటలు తెగి.
ఎత్తింది. ఇద్దరం ఊకున్నం.
ఎనక వాళ్లింట్ల కుక్కరు కూత.
"ఏం కూర?" అన్న.
"చింతచిగురు" అన్నది. కొంచెమాగి,
"పప్పుల ఏసిన."

మళ్ల కాటా రూమే. మళ్ల అంకెలే.
కాకుంటే ఇప్పుడు రద్దయిన స్లిప్పుల ఎనక
పెన్సిలుతోటి రాస్త, ఎవలకూ చూపియ్య:
చింతచిగురు.
పాచి.
ఇయ్యాల ఒడిశా డ్రైవరు ఇచ్చిన సగం జామకాయ,
ఉప్పు తక్కువైంది.
బరువు గడి ఖాళీగనే ఇడుస్తున్న.