దస్తూరి లేని ఉత్తరాలు

ఊరి పేరు చెప్పను.
ఫారో దీవుల్లో ఒకటి, ఆ మాత్రం చాలు.
ఎవరి పడవ ఇంజను దగ్గుతోందో
దుప్పట్లోంచే చెప్పేస్తారిక్కడ.
ఎవరి పొట్టేలు ఎవరి కంచె దూకిందో
కాఫీ మరిగేలోగా ఊరు చుట్టి వస్తుంది.
ఫోను నంబరు కనబడితే చాలు, మూడు తరాలు చదివేస్తారు.

ఇలాంటి చోట పదకొండు మంది
గుట్టుగా రాస్తారు.
ఒకరివి ఒకరు చదువుకుంటారు.
ఎవరెవరో తెలిసింది నాకొక్కదానికే.

చేపల ఫ్యాక్టరీలో లెక్కలు రాసేదాన్ని.
ఏ పెట్టెలో ఎన్ని కిలోలో అడిగేవారు గానీ
ఏ మనసులో ఏముందో ఎవరూ అడగలేదు.
ఆ అలవాటు చూసే నమ్మారేమో.

నెల మొదట్లో ఉత్తరాలొస్తాయి.
ముందు కవరు పొయ్యిలోకి.
తర్వాత ఒక్కో అక్షరం టైపు కొడతాను,
ఇక్కడ దస్తూరి అంటే మొహమే కదా.
అందరికీ రాత నేర్పింది ఒకే పంతులమ్మ.
అక్షరం తోకని గాలంలా వంచేది ఎవరో
కళ్ళు మసకేసినా వేలితో తడిమి చెబుతుంది.
కాఫీ మరకలు నా దగ్గరే ఆగిపోతాయి.
కొట్టివేతలూ అంతే, అవి పోగొట్టడానికే చేతులు రావు,
ఒక్కోసారి అసలు కవిత అక్కడే ఉంటుంది.

వాళ్ళు పెట్టుకున్న పేర్లు చెప్పొచ్చు:
కుడి గ్లౌజు, ఉప్పురాయి, ఖాళీ బకెట్...
అసలు పేర్లు స్వెటర్ నమూనాల పుస్తకంలో,
చంకల కొలతల మధ్య దాచాను.
నేను పోయాక మా చెల్లెలి కూతురు
అది చూసి ఒక స్వెటర్ మొదలెడుతుంది.
అది ఎవరికీ సరిపోదు.

ఓసారి కుడి గ్లౌజు
పొగమంచుకి వాళ్ళమ్మమ్మ మాట వాడింది.
పద్దెనిమిది ఇళ్ళ పల్లెలో తప్ప
ఇంకెక్కడా వినపడని మాట.
అలాగే పంపితే తలుపు మీద పేరు రాసినట్టే.
మామూలు మాట పెట్టి చూశాను.
ఒడ్డున పడేసిన చేప కన్నులా
పద్యం తెల్లబడింది.
రాత్రంతా దొర్లి, తెల్లారి రెండు ముక్కలు రాశాను:
"దాచమంటావా, ఉంచమంటావా?"
జవాబు ఒక్క ముక్కే. "ఉంచు."
ఆమె గుట్టు ఆమె చేతిలోదే అని
నాకప్పటిదాకా తట్టనేలేదు.

సముద్రం కింది సొరంగంలో బస్సు.
నా ముందు సీట్లో, కిటికీ పక్కన ఉప్పురాయి.
ఆమె పక్కనున్నాయన చేతులు రుద్దుకుంటూ
తనలో తను గొణుక్కున్నాడు:
"తలుపు కన్నా ముందే గాలి లోపలికొచ్చింది."
అది ఆమె వాక్యమే, జనవరి నాటిది.
ఆమె తల తిప్పలేదు.
చీకటి గాజులో మాత్రం చెవులు ఎర్రబడ్డాయి.
వెనక నా అల్లికలో మూడు కుట్లు జారిపోయాయి.

మార్చి నుంచి ఖాళీ బకెట్ కవరు రాలేదు.
పదిమందీ అడిగారు, బాగున్నాడా,
ఎవరైనా వెళ్ళి చూశారా అని.
ఏం చెప్పను?
ఆ గురువారం చర్చి గంట మోగినప్పుడు
ఊరంతా నడిచింది, పదిమందీ నడిచారు.
వానలో టోపీలు తీసి నిలబడ్డారు
ఎవరిని సాగనంపుతున్నారో తెలియకుండానే.
నెల తిరిగాక ఒక్క వాక్యం టైపు కొట్టాను:
ఖాళీ బకెట్ ఇక రాయడు.
ఎవరని ఎవరూ అడగలేదు.

ఆయన భార్యని మార్యున్ అందాం.
అసలు పేరు మీకూ చెప్పను.
కొట్లో బంగాళాదుంపలు ఏరుతూ అంది:
"రాత్రిళ్ళు పడవల షెడ్డులో ఏం చేసేవాడో
నీకేమైనా తెలుసా?"
ఇంట్లో కూడా చెప్పొద్దన్నాడు, మాటిచ్చాను.
మాట తీసుకున్నవాడు లేడు, మాట ఉంది.
"బకెట్లు కడిగేవాడేమో," అన్నాను.
నవ్వింది. "ఏనాడూ ఒక్క చేప తెచ్చిన పాపాన పోలేదు."
ఆమె సంచీ ఇంటిదాకా మోశాను.

ఈ నెలా అలవాటుగా పదకొండు కాపీలే తీశాను.
పదకొండోది ఉన్ని బుట్టలో, సూదుల కింద ఉంది.
కవరు మీద ఏమీ రాయలేదు.