మిగిలిన ఐసు

తుపాను వెళ్ళిపోయి ఇవాళ్టికి అరవై ఒకటో రోజు.
కరెంటు స్తంభాలు ఇంకా
తాగి పడిపోయినవాళ్ళలా వీధికి అడ్డంగానే ఉన్నాయి.
సగం ఇళ్ళకి పైకప్పు లేదు, నీలం టార్పాలిను ఉంది.
పోన్సె నుంచి లాహాస్ దాకా
రాత్రి అంటే నిజంగా రాత్రే.

ఎరిబెర్తో నాలుగున్నర గంటలు లైన్లో నిలబడి
ఒక్క సంచీ ఐసు తెచ్చాడు.
అది ప్రొవిదెన్సియాది. మేమెవరం అడగం.
ఆవిడ ఇన్సులిను సీసాలు
చల్లటి పెట్ట కింద గుడ్లలా
ఆ ఐసులో ఒదిగి ఉంటాయి.

ఇవాళ మాత్రం పెట్టె నిండాక
సంచీ అడుగున నాలుగు గుప్పెళ్ళు మిగిలింది.
"కరిగి నేలపాలయ్యే బదులు..."
అని ఆపేసింది ప్రొవిదెన్సియా.
మిగతా మాట మా మొహాలు పూర్తి చేశాయి.

నెరెయిదా లేచింది.
సాన్ హువాన్‌లో, సముద్రం వైపు తిరిగిన ఓ హోటల్లో
ముప్పయ్యొక్క ఏళ్ళు ఆమెకిదే పని.
టూరిస్టుల చేతికి ఎన్ని పిన్యా కొలాదాలు అందించిందో
ఆమెకే లెక్క తెలీదు.
బల్లకి ఇవతల నిలబడి
ఒక్కటీ తాగలేదన్నది మాత్రం లెక్కే.
లేచీ లేవగానే పాత అలవాటున
బ్లెండరు మీట నొక్కింది.
అది ఊరుకుంది.
మేమూ ఊరుకున్నాం.

"సరే, చేతులున్నాయిగా" అంది.

కొబ్బరికాయ నా వంతు.
గచ్చుకేసి కొడితే చెప్పిన మాట వినకుండా
వంకరగా పగిలింది.
కోరాను. వేలి చివర తోలు కూడా కాస్త కోరాను.
గోరువెచ్చని నీళ్ళు చిలకరించి
ఉతికిన దిండు గలీబులో మూటకట్టి
ఇద్దరం చెరో వైపు మెలితిప్పాం.
మొదటి పాలు చిక్కగా, రెండో పాలు పల్చగా.
మూడోసారి పిండబోతే
"చాలు, అది కోళ్ళ వాటా" అంది.

గాలికి కొట్టుకుపోని అనాసపండు ఒకటి
యారిత్సా బడిసంచీలో వచ్చింది,
పలకా పుస్తకాలూ లేని సంచీలో.
అరటికాయా వెల్లుల్లీ దంచే కొయ్య రోట్లోనే
దాన్నీ దంచాం.
కాస్త వెల్లుల్లి వాసన వేసింది.
ఎవరం ఒప్పుకోలేదు.

రమ్ము ఏ కంపెనీదీ కాదు.
కొండ మీద ఉండే ఎరిబెర్తో బావ పంపింది.
సీసాకి చీటీ ఉండదు,
మూత తీస్తే తన పేరు తనే చెబుతుంది.

పొద్దున్న రేకులు బిగించిన సుత్తితోనే
తువ్వాల్లో చుట్టిన ఐసుని కొట్టాం.
అన్నీ ఖాళీ ఆలివు సీసాలో పోసి
నెరెయిదా మూత బిగించింది.
నిన్నటిదాకా భుజం లేవడం లేదన్న మనిషి
సీసాని చెవి పక్కకి ఎత్తి
గలగల, గలగల,
మూడు దశాబ్దాలు కరెంటు చేసిన పనిని
తన ఎముకలతో చేసింది.

గ్లాసు ఒక్కటే. నోళ్ళు ఐదు.
యారిత్సాకి రమ్ము కలపకముందే ఓ చెంచా తీసి ఉంచాం.
పళ్ళు జివ్వుమని అది కెవ్వుమంది.
చల్లదనం అనేదొకటి ఉండేదని
మా పళ్ళకి కూడా అప్పుడే గుర్తొచ్చింది.
నెరెయిదా ఒక గుక్క తాగి
చాలాసేపు గ్లాసు వంక చూసింది.
"ఇదా!" అంది.
"ఇందుకా వాళ్ళు అంత దూరం నుంచి వచ్చేవాళ్ళు."

గ్లాసు ప్రొవిదెన్సియా దగ్గర ఆగింది.
ఐసు ఆవిడది. చక్కెర జబ్బూ ఆవిడదే.
చిటికెన వేలు ముంచి
నాలుక మీద రాసుకుని, కళ్ళు మూసుకుని,
"ఉప్పు మరిచావే నెరెయిదా" అంది.

తల కొట్టుకుంది నెరెయిదా.
ముప్పయ్యొక్క ఏళ్ళలో ఒక్కనాడూ మరవని చిటికెడు ఉప్పు!

చెట్ల మీద బుల్లి కప్పలు కోకీ, కోకీ అంటున్నాయి.
చీకట్లో యారిత్సా
ఉప్పుడబ్బా కోసం అలమారంతా తడుముతోంది.
గ్లాసులో ఆఖరి ఐసుముక్క
చిన్నదవుతోంది.
ఎవరం తాగడం లేదు.