గ్రీజు డబ్బా

ఎల్లాజీ మావయ్య పోర్టులో క్రేన్లకి గ్రీజు పెట్టేవాడు.
ముప్పై ఏళ్లు.
గోళ్ల కింద ఒక నల్లని వంక
సబ్బుకీ కుంకుడురసానికీ కిరసనాయిలుకీ లొంగనిది.
పెళ్లి భోజనాల్లో చెయ్యి విస్తట్లోకి దించేముందు
ఒకసారి అటూ ఇటూ చూసేవాడు.

ఆ నలుపు పేరు నాకు ఇరవై ఆరో ఏట తెలిసింది.
మాలిబ్డినం డైసల్ఫైడు.
పొర మీద పొర, పొర మీద పొర,
పొరకీ పొరకీ మధ్య పట్టు అంతంతమాత్రం.
అందుకే జారుతుంది.
అందుకే అంత బరువెత్తీ క్రేను కిక్కురుమనలేదు.

ఇప్పుడు అదే పొడిని
కొండమీది ల్యాబులో రాత్రంతా
చప్పుడుతో విడదీస్తున్నాం, నేనూ నఫీసా.
చెవికందని చప్పుడంటారు గానీ
పంటి మొదళ్లలో కీచుమంటూనే ఉంటుంది.
తెల్లారేసరికి నీళ్లు
గోంగూర ఉడికించి వంపిన రంగు.
అందులో తేలేవి ఒంటి పొరలు,
ఒక వెంట్రుక మందంలో లక్ష పడతాయి.

పొర నడిమి భాగం నున్నగా, నిండుగా,
చూడ్డానికి పెద్దింటి గచ్చులా ఉంటుంది.
ఏ పనీ చెయ్యదు.
పని చేసేవి అంచులు.
తెగిన చోట,
గంధకం ఊడిపోయిన గుంటలో,
నీళ్లలోంచి వచ్చిన హైడ్రోజన్ కాస్త కూలబడి
పక్కదాన్ని జత చేసుకుని
బుడగై లేచిపోతుంది.
కనక మా ఉద్యోగం పాడుచెయ్యడం.
శ్రద్ధగా, కొలత ప్రకారం పాడుచెయ్యడం.

జ్ఞానాపురంలో మా డాబా మీద
ఆరేసిన దుప్పటి దులిపినా నలుపే రాలుతుంది.
దాని పేరు తెలుసుకోడానికి చదువక్కర్లేదు.
అమ్మ తుడుస్తుంది, బకెట్లో పిండుతుంది,
పిండిన చెయ్యి చూసుకోకుండానే మళ్లీ తుడుస్తుంది.

ఫ్యాక్టరీల వెనక గెడ్డ నీళ్లు
సీసాలో పట్టి తెచ్చింది నఫీసా, బస్సులో, ఒళ్లో పెట్టుకుని.
"తీర్థమా అమ్మా?" అన్నాడట కండక్టరు.
చిటికెడు పొడి వేసి కిటికీ ఎండలో ఉంచాం.
మూడు గంటలకి
సీసా వెనక పెట్టిన పేపర్లో
సినిమా ప్రకటన చదవగలిగాం.
తాగుదామని మాత్రం ఎవరూ అనలేదు.

నలభై ఒకటో పలక
ఆరు గంటలు బుడగలు పోసింది.
గంజి పొంగినట్టు పోసి, ఆగిపోయింది.

మావయ్యకి ఫోన్ చేశాను.
"ఆరు గంటలేటే? అంటే ఒక షిఫ్టయినా రానేదన్నమాట."
నవ్వలేదు. కాసేపు దగ్గి,
"రిలీవరు వచ్చినదాకా దిగకూడదే గుంటా,
అదీ డ్యూటీ" అన్నాడు.

నలభై రెండుకి సీసా కడుగుతోంది నఫీసా.
కొండ కింద, దీపాల మధ్య,
ఓ క్రేను ఓడ మీదికి మెల్లగా మెడ వంచుతోంది.
ఎవరు పెట్టారో గ్రీజు.
కిర్రుమన్నా ఇక్కడికి వినబడదు.