చెక్కుబందీ

కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో రాత్రి పదకొండు.
కీబోర్డు సందుల్లో కూడా మిరప దుమ్ము.
తుమ్మితే కర్సరు ఉలిక్కిపడ్డట్టుంటుంది.

నల్ల తెర మీద క్వెరీ కొడుతున్నాను, అంతా ఒకే వరస.
తేజ రకం, ఏడో చాంబరు,
నాదెండ్ల రైతు లాటులో బరువు తప్పు పడింది, దిద్దాలి.
వరస అంచుదాకా వెళ్లి మడతపడి
తన మొదటి అక్షరాల మీదే ఎక్కి కూర్చుంది.
పై బాణం నొక్కితే నిన్నటి క్వెరీ,
ఇంకోసారి నొక్కితే మొన్నటిది.
నాది ఎటు పోయిందో.

విసుగొచ్చి, ఒక ఏటవాలు గీత, పక్కన ఇ.
ఎంటర్.

ఇరుకు సందులోంచి పెరట్లోకి వచ్చినట్టయింది.
ఎడిటరు.
ఇక్కడ తొందరపెట్టేవాళ్లు లేరు.
విడగొట్టుకున్నాను:
ఏ పట్టికో ఒక వరస,
ఏం మార్చాలో ఒక వరస, చివర సెమికోలన్.

కాటా చీటీలివ్వడానికొచ్చి
మీరావలి గారు నా భుజం వెనక నిలబడ్డారు.
ముప్పై ఏళ్లు రిజిస్ట్రారాఫీసు గేటు పక్కన
దస్తావేజులు రాసిన చెయ్యి.
ఆ బల్ల ఎత్తేశాక ఇక్కడ తేలారు.

"ఇది చిత్తా, సాపా?"
"చిత్తేనండీ. సేవ్ చేసి బయటికొస్తే
సాపైపోతుంది, అమలూ అయిపోతుంది."
"ఐతే ఇక్కడే చదువుకో.
స్టాంపు కాగితం మీద
కొట్టివేత కొట్టివేతకీ సంతకం పెట్టాలి."

ఇంగ్లీషు ఆయనకు కూడబలుక్కునేంతే.
వేలితో వరసలు తడిమి అడిగారు:
"ఏ సొత్తో ఉంది, ఏం మార్చాలో ఉంది,
చెక్కుబందీ ఏదమ్మా?
హద్దులు రాయకపోతే
దస్తావేజు ఊరంతా రాసిచ్చేస్తుంది."

చూశాను.
వేర్ లేదు.
లాటు నంబరు ఆ మడతలోనే ఎక్కడో జారిపోయింది.
ఇంకొక్క మీట నొక్కితే
ఏడు చాంబర్లలోని టిక్కీలన్నీ, తేజ, బాడిగ, తాలు కాయతో సహా,
ఒకే రైతు బరువు తూగేవి.

తూర్పున లాటు. దక్షిణాన చాంబరు.
పడమర తేదీ. ఉత్తరాన రైతు పేరు.
ఒక్కటి చాలు నిజానికి, నాలుగూ రాశాను.
సేవ్ చేసి బయటికొచ్చాను.

తెర మీద: ఒకటి.
ఒక్కటంటే ఒక్క వరస మారింది.

లారీ హారన్ కొడితే ఆయన వెళ్లిపోయారు.
బల్ల మీద చీటీ తీసి ట్యూబ్‌లైటు కేసి పట్టుకున్నాను.
సిరా అంకెల కింద
సన్నగా, ముందే రాసి పెట్టుకున్న
పెన్సిల్ అంకెలు.