పట్టా లేని కెర్నెల్

ఆటోనగర్‌లో దాలినాయుడు దాన్ని
కిలోల లెక్కన తూచి ఇచ్చాడు.
పదకొండున్నర. "టీవీకేనా బాబూ ఇది?"
కాదన్నాను. ఏమిటో చెప్పబోయి ఊరుకున్నాను.

పాతికేళ్ల కిందట షిప్‌యార్డు డ్రాయింగ్ ఆఫీసులో
ఓడల పొట్టల వంపులు గీసిన పెట్టె.
పట్టుచీర డబ్బా అంత పలచన.
వెనక మరల మీద సముద్రం
ఎర్రగా సంతకం చేసి ఉంది.

ప్లగ్గు పెడితే
తన నంబరు తనకే గుర్తులేదు.
చిప్పులో దాచిన బ్యాటరీ ఎప్పుడో చచ్చి
చిరునామా నిండా ఎఫ్‌లు, ఎఫ్‌లు.
తేదీ అడిగితే
నేను పుట్టకముందటి ఏదో జనవరి.

హాక్సా బ్లేడుతో చిప్పు నెత్తి కోశాను.
రెండు తీగలు అతికి
బిళ్ల సెల్లొకటి కట్టాను, తాయెత్తులా.
అంకె తరవాత అంకె కొట్టి
దాని నంబరు దానికి చెప్పాను.

కంపెనీ దీన్ని వదిలేసి చాలా కాలం.
కొత్త సిస్టమ్ రాదు, రాదంటే రాదు.
అయినా ఎవరో, ఏ ఊరి మనిషో,
తన బల్ల మీదా ఇలాంటి ముసలిదొకటి ఉన్నందుకు
రాత్రుళ్లు కూచుని కట్టిన బిల్డు దొరికింది.
మొదటి వాక్యంలోనే చేతులు దులిపేసుకున్నాడు:
ఇది అధికారికం కాదు.
ఏం పాడైనా నా పూచీ లేదు.

ఆ మాట నాకు కొత్తేం కాదు.
తాటిచెట్లపాలెం కొండవాలున
మా ఇంటికీ పట్టా లేదు.
అమ్మ తట్టల్లో రాళ్లు మోసి పేర్చిన మెట్లు
నూట పన్నెండు.
తలుపు మీద నంబరు మావయ్య బ్రష్షుతో వేసింది.
అయినా మీటరు తిరుగుతుంది,
పోస్టుమాన్ పరదేశి రొప్పుతూనైనా వస్తాడు.

కెర్నెల్ ఇక్కడే కంపైలు చేద్దామని కూచుంటే
మూడు రాత్రులు పట్టింది.
రెండో రాత్రి కరెంటు పోయింది.
నయమే, ఆగిన చోటే అందుకుంది.
ఫ్యాను హోరుకి నిద్రపట్టక పక్కింటి ఎర్నమ్మ
"ఏట్రా గుంటడా, రైసుమిల్లెట్టీసినావేటి?"

సౌండు రాదు. నెట్టు వస్తుంది, పోతుంది.
తెలుగులో పేరు కొడితే
అన్నీ ఖాళీ డబ్బాలు.

నాలుగో తెల్లవారుజామున
హార్బరులో ఏదో ఓడ కూస్తుంటే
నల్లటి తెర మీద ఒక ప్రశ్న నిలబడింది:
ఈ యంత్రం పేరు?

అది మాత్రం నేను అనుకోలేదు.
మూత తిప్పి, ఆఫీసు స్టిక్కరు గోటితో గీకితే
కింద నీలం సిరా:
"ధనరాజ్యం గారి సీటు. ముట్టుకోరాదు."

ముట్టుకున్నాను.
ఆ పేరే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాను.
ఒప్పుకుంది.

కింద కుళాయి వచ్చినట్టుంది, బిందెల చప్పుడు.
దిగుతుంటే వెనక
ఫ్యాను తిరుగుతూనే ఉంది.