నేల టికెట్టు

పాత పోస్టాఫీసు వెనక రేకుల హాల్లో
ఆదివారం రాత్రి ఇంగ్లీషు బొమ్మ.
పావలా ఇస్తే నేల.
ఆ నేల మీద కూర్చునే మేం చంద్రుడికి వెళ్ళాం,
ఇసకలో కాళ్ళు పూడ్చుకుని,
వేరుశనగ తొక్కలు ముందువాడి చొక్కాలో వేస్తూ.

తెర పక్కన స్టూలు మీద పైల గవరయ్య.
పగలు హార్బర్లో మాంగనీసు వేగన్లు లెక్కరాసే గుమాస్తా,
గోళ్ళ సందుల్లో ఆ నలుపు ఎప్పుడూ పోయేది కాదు.
ఇంగ్లీషు ఏపాటి వచ్చో ఎవరూ అడగలేదు.
తెర మీద దొర నోరు తెరిస్తే చాలు
గవరయ్య గొంతు లేచేది:
"ఒరే, గాలి నేదంటర్రా అక్కడ!
తెరసాప ఎత్తినా ఒకటే, దించినా ఒకటే!"
చంద్రుడి మీద రాళ్ళు కనిపించగానే
"అగో, యారాడ కొండ!"

రాకెట్టుని మోసే తీగ
వెలుగు పడ్డప్పుడల్లా తళుక్కుమనేది.
చూసీ చూడనట్టు ఊరుకున్నాం.
జాతరలో కీలుగుర్రం కింద మనిషి కాళ్ళున్నాయని
ఎవరైనా వేలెత్తి చూపిస్తారా?

మూడో రీలు ఎప్పుడూ ఆలస్యమే.
ఇంకో హాలు నుంచి సైకిలు మీద రావాలి,
కురుపాం మార్కెట్టు దగ్గర చైను ఊడేది.
అంతసేపూ మేం
భూమికీ అంగారకుడికీ మధ్య, చీకట్లో.
తలుపు సందులోంచి సముద్రం.
కొండ మీద కొత్త దీపస్తంభం ఇటు తిరిగితే
గోడరేకు మేకు బెజ్జాల్లో
నక్షత్రాలు పుట్టి, పోయేవి.

ఒకసారి
ఓడ బయట తాడు తెగి ఒకడు
మెల్లగా, చేతులు చాపి, దూరమైపోయాడు.
డాక్‌యార్డు డైవరు టోపీలాంటిది వాడి తల మీద.
చుక్కంతయ్యాడు.
ఆడవాళ్ళ వైపు గరికిన పోలమ్మ లేచింది.
ఆమె మొగుడి తెప్ప కార్తీకంలో వెళ్ళింది.
"గవరయ్యా, ఆడేటైపోనాడు?"

మెషీను గరగర ఒక్కటే.
వేగన్లు లెక్కపెట్టే మనిషి
చాలాసేపు తెరవైపే చూశాడు.
"ఏటీ అవనేదమ్మా. ఆ పక్కన ఇంకో ఓడుంది,
బొమ్మలో సూపించరు గానీ.
ఆల్లు ఎక్కించుకున్నారు.
గెంజి తాగుతున్నాడు."

పోలమ్మ కూర్చుంది.
కూర్చున్నాక, గంప సర్దుకుంటూ,
"ఉప్పేసినారా?" అంది.
"ఏసినారు."

నిరుడు ఆ బొమ్మ మళ్ళీ దొరికింది.
మురళీనగర్ ఫ్లాట్లో, ఫ్యాను కింద,
తెలుగు అక్షరాలు అడుగున నడుస్తుంటే చూశాను.
వాడు రాలేదు.
తోటివాళ్ళు రెండు మాటలనుకుని
ముందుకు పోయారు.
ఆపాను, వెనక్కి తిప్పాను,
తెర అంచులు కూడా వెతికాను.
రెండో ఓడ లేదు.
తీగ మాత్రం అలాగే ఉంది.

అడుగున ఆ అక్షరాలు రాసినవాడెవరో
ఇంగ్లీషు బాగా వచ్చినట్టుంది,
పాపం.