కలుషితం

తెల్లవారుజాము మూడుంపావుకి
యంత్రం కూసింది.
రక్తం సీసా, పధ్నాలుగో మంచం:
మునాన్, పదకొండేళ్ళు, రజాంగ్ నది ఎగువ నుంచి.
నెత్తుట్లో ఏదో బతికి ఉందని ఆ కూతకి అర్థం.
అంతకు మించి యంత్రానికి తెలీదు.
నాకూ తెలీదు.

సిబూ ఆసుపత్రి ల్యాబులో రాత్రి డ్యూటీ నాది.
బయట రేకుల మీద వాన
శనగలు వేయించినట్టు.
సీసాలోంచి రెండు చుక్కలు తీసి
పళ్ళెంలో తీగతో సాళ్ళు దున్నాను.
వెచ్చటి పెట్టెలో పెట్టాను.

వార్డు నర్సు ఫోన్లో చెప్పింది:
పడవ ఒడ్డుకి లాగుతుంటే బురదలో మేకు దిగిందట పాదంలో.
పీకేసి, పసరు కట్టించుకుని,
సాయంత్రం మళ్ళీ నీళ్ళలోకే దూకాడట. పిల్లాడు కదా.
నాలుగో రోజు గజ్జల్లో బిళ్ళ.
ఆరో రోజు వణుకు.
లాంగ్‌హౌస్ మెట్ల దగ్గర్నుంచి ఐదు గంటలు పడవలో,
తల్లి ఒడిలో నిప్పులకుంపటిలా.
ఇప్పుడు కాలేయంలో చీము గడ్డలు,
పిడికెడు ఊపిరి.

మర్నాడు పళ్ళెం మూత తీశాను.
తెల్లనివీ బూడిద రంగువీ చూసి చూసి
మొద్దుబారిన కళ్ళు నావి.
సాళ్ళ పొడుగునా
నేరేడు పళ్ళు తిన్న నాలుకలా ఊదా.
చిక్కగా, నిగనిగలాడుతూ, సిగ్గులేకుండా ఊదా.

ఈ రంగు నేను ముందొకసారి చూశాను.

రెండేళ్ళ కిందట. సెండీ అనే ఆవిడ రక్తం.
వరి చేలో కాలు కోసుకున్న మనిషి, ముప్పై నాలుగేళ్ళు.
నేనప్పుడు కొత్త.
కుళాయి నీళ్ళేవో చిందాయనుకున్నాను.
మనుషుల నెత్తుట్లో ఇంత అందం ఉండదనుకున్నాను.
రిజిస్టర్లో ‘కలుషితం’ అని రాసి పళ్ళెం పారేశాను.
ఇంకో సీసా పంపమన్నాను.
ఇంకో సీసా రాలేదు.

ఎవరూ అడగలేదు. అదీ కష్టం.
అడిగితే చెప్పేదాన్ని.

ఈసారి ఫోన్ని నమ్మక
మూడంతస్తులు మెట్లెక్కి పరుగెత్తాను.
డాక్టర్ తియోంగ్ కళ్ళజోడు వెతుక్కునేలోపే చెప్పేశాను:
ఇది నీళ్ళలో ఉండేది, బురదలో ఉండేది,
వేలమంది ఈదినా పట్టించుకోనిది,
ఒకళ్ళని పట్టుకుంటే వదలనిది.
మీరెక్కిస్తున్న మందు దానికి పంచదార నీళ్ళు.
ఆయన ఏమీ అనలేదు.
మందు మార్చాడు.

వరండాలో తంబోంగ్ అవ్వ కూర్చుని ఉంది, వాడి నాయనమ్మ.
పూవా దుప్పట్లు నేసే మనిషి.
గోళ్ళ సందుల్లో ఇంకా వదలని వేరు ఎరుపు.
“వాడి లోపలున్నది ఏ రంగు?” అంది.
ఇన్నేళ్ళలో నన్నెవరూ అడగని ప్రశ్న.
రూలు ప్రకారం చూపించకూడదు.
టేపు చుట్టి, రెండు సంచుల్లో పెట్టి
గాజు తలుపు ఇవతల నిలబడి చూపించాను.

చాలాసేపు చూసింది.
“యాభై ఏళ్ళు వేర్లు ఉడకబెట్టాను, బెరళ్ళు ఉడకబెట్టాను,
నీలాకు మురగబెట్టాను.
ఈ రంగు రాలేదు నాకు.
మా ఏట్లోనే ఉందన్నమాట ఇన్నాళ్ళూ.”
ఆ గొంతులో కోపం లేదు.
కాస్త ఈర్ష్య లాంటిది ఉంది.

తొమ్మిదో రోజు మునాన్ గంజి తాగి
ఉప్పు లేదని తిట్టాడు.
తిరగబెట్టే జబ్బు, నెలల తరబడి మాత్రలు మింగాలి.
పుండు మానేదాకా ఏట్లో దిగొద్దన్నాను.
నావైపు జాలిగా చూశాడు.
వాళ్ళ ఇంటికి ఏరే దారి.

పళ్ళెం ఆవిరి పెట్టెలోకి పోయేముందు
పాత రిజిస్టరు దింపాను.
సెండీ పేరు పక్కన నా చేతిరాత, గుండ్రంగా, ధీమాగా.
కొట్టెయ్యలేదు.
కొట్టేస్తే నా తప్పు కూడా కనబడకుండా పోతుంది.
కింద ఖాళీలో ఈనాటి తేదీ వేసి, సంతకం పెట్టి,
ఒక్క మాట రాశాను:
ఊదా.